పుర్రచేతి గీత

నాది పుర్రచెయ్యి. ఎడమచేత్తో అన్నం ముద్ద ఎత్తినా, బలపం పట్టుకున్నా మా నాయనమ్మ గరిటెతో వేళ్ళ మీద కొట్టేది. చివరికి తనే విసిగిపోయి, "ఇంట్లో ఎట్టా ఏడ్చినా సరే, నలుగురిలో మాత్రం కుడిచెయ్యే వాడాల" అని తీర్పు చెప్పింది. ఏడేళ్ళకల్లా కుడిచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలు రాశాను. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం అవి ఇంకెవరో రాసినట్టు ఉండేవి.

నలభై దాటాక, అమెరికాలోని ఫ్రీమాంట్‌లో, మా ఇంటికి దగ్గరున్న ఒక హాల్లో, శనివారాలు బ్రష్‌తో అక్షరాలు రాసే చైనీస్ కాలిగ్రఫీ క్లాసులో చేరాను. మావారు నవ్వారు.

"చైనీస్‌లో ఒక్క ముక్క రాదు నీకు. నేర్చుకుని ఏం చేస్తావ్, రెజ్యుమేలో పెడతావా?"

"ఎందుకూ పనికిరాదనే చేరాను" అన్నాను. వారమంతా ఇతరుల కోడ్‌లో తప్పులు వెతికే ఉద్యోగం నాది. పనికొచ్చే పనులతో విసిగిపోయి ఉన్నాను.

టీచర్ డెబ్బై దాటిన చైనీస్ ఆవిడ. నాలుగు నెలలు ఒక్క అడ్డగీతే రాయించింది. వాళ్ళ లిపిలో ఒకటి అంటే ఆ గీతే. గీశాక మళ్ళీ దిద్దకూడదు. దిద్దితే కాగితం తిరగేసి, సిరా రెండుసార్లు ఇంకిన చోటు వేలితో చూపించేది. ఎవరి గీతైనా బాగుంటే "మళ్ళీ రాయి" అని కొత్త కాగితం ఇచ్చేది. నా గీతల్ని మాత్రం "నీట్‌గా ఉంది" అని పక్కన పెట్టేసేది. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం ఇంట్లో సింక్ దగ్గర బ్రష్ కడుగుతున్నాను. గిన్నెలు తోమే అలవాటు కొద్దీ అది ఎడమచేతిలో ఉంది. ఊరికే గ్రానైట్ గట్టు మీద నీళ్ళతో ఒక గీత గీశాను. కాస్త వంకరగా వచ్చింది. కానీ అది నేను గీసిన గీత. ఆరిపోయేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను. ముందు ఏడుపొచ్చింది, తర్వాత పట్టరాని కోపం వచ్చింది.

ఆ శనివారం, ఇకనుంచి ఎడమచేత్తో రాస్తానని టీచర్‌తో చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"బ్రష్ కుడిచేతిదే. ఇంట్లో ఎలాగైనా రాసుకో. ప్రదర్శనలో అందరి ముందు మాత్రం కుడిచేత్తోనే."

ఇంత దూరం వచ్చినా నాయనమ్మ నన్ను వదల్లేదు.

చైనీస్ కొత్త సంవత్సరం పండక్కి ఆ ప్రదర్శన. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు ఒక్కొక్కరం ఒక్కో కాగితం రాయాలి, టీచర్ దాన్ని గోడకి అంటిస్తుంది. నా వంతు వచ్చింది. మావారు ఫోన్‌తో వీడియో తీస్తూ, "ఆవిడ చెప్పినట్టే రాసెయ్, సీన్ చేయకు" అని గొణిగారు.

బ్రష్ సిరాలో ముంచి ఎడమచేతికి మార్చుకున్నాను.

"నో!" అంది టీచర్.

ఆ గొంతుకే ఒకప్పుడు బలపం వదిలేశాను. ఈసారి వదల్లేదు. అందరూ చూస్తుండగా గీత గీశాను.

ఆవిడ వచ్చి కాగితం తిరగేసి చాలాసేపు చూసింది. సిరా ఒక్కసారే ఇంకింది.

"దీన్ని నేను గోడకి అంటించను."

"అయితే నేనే అంటించుకుంటాను" అన్నాను. టేపు తెంపి తలుపు పక్కన అంటించాను. అదీ ఎడమచేత్తోనే.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి నా బల్ల మీద బ్రష్, సిరాగిన్నె ఎప్పటిలా కుడిపక్కనే ఉన్నాయి. ఆవిడ చూస్తుండగానే రెంటినీ ఎడమపక్కకి జరుపుకుని రాశాను.

"వంకరగా ఉంది" అంది.

"ఉంటుంది" అన్నాను. "అది నాది."

ఆవిడ కాగితం తిరగేసింది. మళ్ళీ ఇటు తిప్పింది. తర్వాత కట్టలోంచి కొత్త కాగితం తీసి నా ముందు పరిచింది.

"మళ్ళీ రాయి."