రేవు నావకు వేసిన అతుకు

దయ్యాల మాట వస్తే నేను నవ్వి ఊరుకునేవాడిని. ఎవరైనా మరీ పట్టుబట్టి చెబితే, ఎంత దూరంలో కనిపించింది, ఎంత ఎత్తుంది, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది అని అడిగేవాడిని. నాలుగు ప్రశ్నలు పూర్తయ్యేలోగా ఆ దయ్యం ముళ్ళకంపో తెల్లావో అయిపోయేది. నేను బడిలో చదివింది తక్కువ. మెట్‌పల్లిలో ఒక ధాన్యం దుకాణంలో కాంటా పక్కన కూర్చుని లెక్క నేర్చుకున్నాను. ఆ లెక్క వల్లే ఊళ్ళో నన్ను పంతులు అనేవారు. తూచగలిగితే ఉన్నట్టు, తూచలేకపోతే లేనట్టు అనుకునేవాడిని. తూకానికి వచ్చాక కూడా అర్థం కానిది ఒకటి ఉంటుందని అప్పుడు తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జరిగింది ఇది. మా ఊరు గోదావరికి కరీంనగర్ వైపున ఉంది. అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. గోదావరిని మా వైపు గంగ అంటారు. వంతెన లేదు. రేవులో ఒకే ఒక పెద్ద టేకు నావ ఉండేది. రేవు గుత్త ఖాసిం సాబ్‌ది. నావ నడిపేది మల్లయ్య.

ఆ ఏడు వరదలో, నావ రేవులో కట్టి ఉండగానే, ఎగువ నుంచి ఒక చిన్న నావ కొట్టుకొచ్చి దాని పక్కను గుద్దింది. మా నావకు మనిషి దూరేంత బొంద పడింది. వచ్చిన నావ ముక్కు అందులోనే ఇరుక్కుపోయింది. ఆ చిన్న నావలో మనుషులు లేరు, నడిపే గడ కూడా లేదు. ఖాసిం సాబ్ ఎగువ రేవులన్నిటికీ మనుషులను పంపి అడిగించాడు. తమ నావ పోయిందన్నవారు దొరకలేదు. తమవాళ్ళు కనిపించడం లేదన్నవారూ దొరకలేదు.

ఇట్లా వచ్చిన నావకు యజమాని తెలియకపోతే, మా వైపు పడవవాళ్ళు దానికి పసుపు కుంకుమ పెట్టి తిరిగి నీళ్ళలోకి తోసేస్తారు. దాని చెక్క పొయ్యిలోకి కూడా వాడరు. వరద తగ్గాక మల్లయ్య అదే చేయబోతే ఖాసిం సాబ్ ఆపాడు.

"గంగమ్మ గీ టేకు చెక్కలు ఏం జేసుకుంటది మల్లయ్యా? ఇల్లు కట్టుకుంటదా?"

"నవ్వకుండ్రి సాబ్. గంగల వచ్చింది గంగకే ఇడువాలె. మా తాతల నాటి సంది గంతే."

"మీ తాతకు గుత్త ఫికర్ లేకుండె."

సాబ్ చెడ్డవాడు కాదు. రేవు ఆగిపోయి రెండు ఒడ్ల ఊళ్ళూ పరేషాన్ అవుతున్నాయి. కొత్త టేకు దొరకాలంటే అడవి కచేరీ చుట్టూ తిరగాలి. అందుకని వడ్రంగి ఆ చిన్న నావను విప్పి, దాని చెక్కలతోనే మా నావకు అతుకు వేశాడు. సందుల్లో నార కూరి గుగ్గిలం కాచి పోశాడు. అతుకు కింద, పక్కల బాగానే కుదిరింది. పై అంచు మాత్రం పాత చెక్కతో కలవలేదు. అక్కడిదాకా నీళ్ళు వస్తే లోపలికి కారడం ఖాయం.

ఎంతమందిని ఎక్కిస్తే ఆ అంచుకు నీళ్ళు అందవో తేల్చమని సాబ్ నన్ను పిలిచాడు. అందులో నా సొంత పని కూడా ఉంది. నా బిడ్డ లక్ష్మి పురుటికి మా ఇంటికి వచ్చింది. పసివాడితో ఆమెను అవతలి ఒడ్డుకు, అత్తగారింటికి దిగబెట్టాలి. వాళ్ళు మంచిరోజు చూసి కబురు పంపారు. నావ మళ్ళీ మొదలయ్యే సంత రోజే అది.

గోనె సంచుల్లో ఇసుక నింపి, ఒక్కోటి ఒక మనిషి బరువు వచ్చేలా తూచాను. రేవులో నావను నిలిపి మూటలు వేయిస్తూ నీటిమట్టం చూశాను. ఆరు మూటలు పడితే నావ రెండు వేళ్ళు దిగుతోంది. నీళ్ళు అతుకు పై అంచుకు రెండు వేళ్ళ కిందికి చేరగానే ఆపించి, నావకు రెండు పక్కలా తెల్లరంగుతో గీత గీశాను. అప్పటికి లోపల ముప్పై నాలుగు మూటలున్నాయి. అంటే ముప్పై నాలుగు మంది.

నదిలో కూడా చూసుకుందామని, మా ఇద్దరి బదులు రెండు మూటలు తీయించి, మల్లయ్యా నేనూ బయలుదేరాం. మధ్యాహ్నం పూట. గాలి లేదు. నడిగంగకు వచ్చేసరికి గీత కనిపించలేదు.

వంగి వేళ్ళు పెట్టి చూశాను. గీత రెండు వేళ్ళ లోతున ఉంది. నీళ్ళు సరిగ్గా అతుకు అంచును తాకుతున్నాయి. నావ ఇటు ఒరిగిందేమోనని మల్లయ్యను అటు పక్క చూడమన్నాను. అటూ అంతే. లోపల నీళ్ళు చేరాయేమోనని అడుగు చెక్కలు తడిమాను. పొడిగా ఉన్నాయి.

మల్లయ్య గడ వేయడం ఆపి మెల్లగా అడిగాడు. "ఎందరు పంతులూ?"

"ఎందరేంది?"

"ఎక్కినోళ్ళు."

రెండు వేళ్ళంటే ఎంత బరువో నాకు తెలుసు. ఆరుగురు అన్నాను.

అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే గీత మళ్ళీ తేలింది. తిరిగి వచ్చేటప్పుడు నడిమిలో మళ్ళీ మునిగింది. ప్రవాహం లాగుతోందేమోనని మరునాడు గడలు దింపి నావను అక్కడే నిలబెట్టి చూశాం. మార్పు లేదు. మూటలన్నీ మళ్ళీ తూచాను. తేడా రాలేదు.

ఖాసిం సాబ్‌కు ఇరవై ఎనిమిది మందే అని చెప్పాను. ముప్పై నాలుగు అంటివి కదా అన్నాడు. నడిమిలో నీళ్ళ తీరు వేరు సాబ్ అన్నాను.

సంత రోజు రేవు నిండా జనం. గీత నీళ్ళకు రెండు వేళ్ళు పైకి తేలేదాకా ఎక్కినవాళ్ళను దింపాను. నేనూ, నా భార్య నర్సవ్వా, పసివాడితో లక్ష్మీ ఆ ఇరవై ఎనిమిదిలోనే ఉన్నాం. ఆరుగురు ఒడ్డున నిలబడి నన్ను తిడుతున్నారు. అందులో ఒకడు, "పంతులూ, నేను బక్కోన్ని, నన్ను సగం లెక్క గట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా లెక్క తప్పితే నీళ్ళలో పడేది నా బిడ్డ, దాని ఒళ్ళోని పసివాడు.

నడిగంగలో నీళ్ళు గీతదాకా వచ్చి ఆగాయి. లెక్క సరిపోయింది. అప్పుడు నర్సవ్వ పిలిచింది. ఈ సంగతులేవీ నేను ఆమెకు చెప్పలేదు.

"ఏందయ్యా, ఆరుగురిని దింపిన అంటివి. కాలు సాపుకునే జాగ లేదు. ఎవలో నా ఈపుకు ఆనుకొని కూసున్నరు. జర జరుగుమంటే జరుగుతలేరు. ఒళ్ళు గింత సల్లగున్నదేంది?"

ఆమె వెనక చూశాను. ఒక మనిషి కూర్చునేంత ఖాళీ చెక్క ఉంది. వెనక్కి తిరగవద్దని మాత్రం చెప్పి, లక్ష్మి పక్కకు వెళ్ళి పసివాడికి అడ్డంగా కూర్చున్నాను.

అంతకుముందు ఒడ్డు దగ్గరపడగానే పైకి తేలిన గీత ఆ రోజు తేలలేదు. బరువు మాతోపాటే రేవుదాకా వచ్చింది.

మల్లయ్య దిగుడు బల్ల వేసి, అది జారకుండా నావలోనే నిలబడి చివర కాలు పెట్టి తొక్కి పట్టాడు. జనం ఒకరి వెనక ఒకరు దిగారు. లక్ష్మినీ పసివాడినీ నర్సవ్వ దింపుకుపోయింది. నేను నీళ్ళలోకి దిగి గీత దగ్గర నిలబడ్డాను. నావలో మల్లయ్య తప్ప ఎవరూ లేరు. అయినా అది ఒక్క మనిషితో ఉండాల్సిన ఎత్తులో లేదు. రెండు వేళ్ళు తక్కువ.

అప్పుడు బల్ల నడుమ వంగింది. వంగి, లేచింది. నావ కొద్దిగా పైకి వచ్చింది. మళ్ళీ వంగింది, మళ్ళీ లేచింది. మనిషి దిగినప్పుడు నావ ఎట్లా కదులుతుందో అట్లాగే కదిలింది. మల్లయ్య తల వంచుకుని, అందరికీ పట్టినట్టే బల్లను తొక్కి పట్టి నిలబడ్డాడు. ఆరోసారి బల్ల లేచాక కాలు తీసి దాన్ని లోపలికి లాగేశాడు. నా వైపు చూడలేదు.

తర్వాత ఆ నావ చాలా ఏళ్ళు నడిచింది. వారం తర్వాత నేనే మళ్ళీ ముప్పై నాలుగు మందిని ఎక్కించవచ్చన్నాను. నడిమిలో గీత ఇంకెప్పుడూ మునగలేదు. తడి చెక్క బరువు, నది అడుగు తీరు, నా కళ్ళ పొరపాటు, అన్నీ ఆలోచించి చూశాను. ఒక్కోటి కొంతదూరం సరిపోతుంది. ఆ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఏదీ నిలవదు.

ఆ రేవు నుంచి అల్లుడి ఊరికి ఒకటే దారి. మొదట చాలాదూరం ఇసుక. ఆ రోజు నావ దిగాక మా వాళ్ళు ముందు పోతున్నారు. లక్ష్మి భుజం మీద పసివాడు నిద్రపోతున్నాడు. వాళ్ళ వెనక ఎందరి అడుగులు పడుతున్నాయో కిందికి చూస్తే తెలిసిపోయేది. నేను చూడలేదు. తల ఎత్తి, బిడ్డ భుజం మీది ఆ చిన్న తలనే చూసుకుంటూ ఊరిదాకా నడిచాను.