దుమ్ము లేవని కాంపౌండ్

మా తమ్ముడు పాలిష్ మెషిన్ వదిలేసింది చూపు మందగించి అని మా బంధువుల్లో సగం మంది అంటారు. మిగతా సగం, అక్క నోటికి జడిసి ఫుజైరా పారిపోయాడంటారు. రెండూ అబద్ధాలే. వాడు ఇప్పటికీ కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడు. ఇక నా నోరంటారా, దానికి అంత శక్తే ఉంటే ముందు మా ఆయన బాగుపడేవాడు. దుబాయ్‌లో మేముండే ఇంటర్నేషనల్ సిటీలో ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా ప్రసాదంతో పాటు ఈ రెండు కథల్లో ఏదో ఒకటి నాకు వడ్డిస్తూనే ఉన్నారు. నిజంగా జరిగినది చాలా చిన్న సంగతి. చెబితే ఎవరికీ రుచించదు. మేం కాంపౌండ్ మార్చాం.

కరోనా తగ్గుముఖం పట్టాక అల్ ఖూజ్‌లో ఒక షెడ్డులో సగభాగం తీసుకుని కార్ల డీటెయిలింగ్ షాపు పెట్టాం. కార్లు కడిగే చోటు అనుకునేరు, కాదు. పెయింట్ మీద పడ్డ సన్నటి గీతల్ని మెషిన్‌తో తీసి, మొహం చూసుకునేంత నునుపుగా చేసివ్వడం మా పని. కాంపౌండ్ అంటే ఆ మెషిన్ కింద రాసే ముద్ద. మెషిన్ తమ్ముడిది. షార్జా గ్యారేజీల్లో ఏళ్ల తరబడి దాన్ని పట్టినవాడు, ఆ గర్వమూ బాగానే ఉండేది. బుకింగులు, సరుకు కొనడం, వచ్చినవాళ్లతో వాదించడం నావి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఇదేం పని అని అడిగినవాళ్లకు, ఇదీ కెమిస్ట్రీయే అని చెప్పేదాన్ని. మా ఆయన సెలవురోజున వచ్చి సలహాలిచ్చి వెళ్లేవాడు.

షెడ్డులో రెండో సగం ఒక పెషావర్ మనిషిది. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటిస్తాడు. తడి ఫిల్మ్ కింద చిన్న రేణువు చేరినా బొడిపెలా కనబడుతుంది. మా తమ్ముడేమో మెషిన్ వేస్తే తెల్లటి పొడి షెడ్డంతా పరుచుకునేది. మధ్యలో పరదా కట్టాం. పొడికి పరదా ఒక లెక్కా?

ఒక రోజు అతను అంటించిన ఫిల్మ్ మొత్తం పీకి చేత్తో పట్టుకుని వచ్చాడు.

“బాజీ, మీ తమ్ముడు కారు పాలిష్ చేస్తున్నాడా, గోధుమలు పట్టిస్తున్నాడా? నాకు ఒక్కసారి చెబితే రొట్టెలైనా కాల్చుకుంటాను.”

“భాయ్, దుబాయ్ అంతా మట్టే,” అన్నాడు మావాడు. “నీకు నా ఒక్కడిదే కనబడిందా?”

“దుబాయ్ మట్టి తెల్లగా ఉండదు భాయ్.”

నేను పెషావర్ మనిషి పక్షమే తీసుకున్నాను. తమ్ముడు కదా అని తప్పుడు వాదన వెనకేసుకురావడం నాకు చేతకాదు. పైగా ప్రతి సాయంత్రం సీటు సందుల్లో, అద్దాల రబ్బరుల్లో ఆ పొడిని బ్రష్‌తో దులిపేది నేనే.

అలా దుమ్ము తక్కువ లేచే కాంపౌండ్ కోసం వెతకడం మొదలుపెట్టాను. సీసా మీద ‘దుమ్ము తక్కువ’ అని అందరూ రాసుకుంటారు. నేను నమ్మలేదు. పాత సామాన్ల దుకాణం నుంచి ఒక నల్ల బానెట్ తెప్పించి, దాని పక్కన నా నల్ల చున్నీ ఆరేసి, శాంపిళ్లు ఒక్కొక్కటే వేయించాను. ఒకటి చల్లటి పూట బుద్ధిగా ఉండి, ఎండకు కాలిన రేకు మీద వేయగానే పిండైపోయింది. ఇంకొకటి దుమ్ము లేపలేదు గానీ జిడ్డు వదిలింది. గీతలు పోయాయని మురిసిపోయి స్పిరిట్‌తో తుడిస్తే అన్నీ మళ్లీ తేలాయి. జిడ్డు గీతల్ని పూడ్చింది, తియ్యలేదు. చివరిది చిక్కటి మీగడలా ఉంది. ఎండలోనూ ఆరలేదు, తుడిస్తే గుడ్డకు మెత్తగా వచ్చేసింది, స్పిరిట్ పెట్టినా గీత తేలలేదు. చున్నీ నల్లగానే ఉంది. ఈ రోజు మళ్లీ ఎంచుకోమన్నా దాన్నే ఎంచుకుంటాను. ఇందులో నాతో ఎవరు వాదించినా కూర్చోబెట్టి చూపిస్తాను.

తమ్ముడికి అది మొదటి నుంచీ నచ్చలేదు. “ఇది మజ్జిగలా ఉందక్కా. కారు అరగదీస్తుందా, దానికి వడదెబ్బ తగలకుండా చూస్తుందా?” అన్నాడు.

“నీకు పొడి ఎగరకపోతే పని చేసినట్టుండదు. అదేగా నీ బాధ?”

“అదే,” అన్నాడు.

నేను నవ్వేశాను. వాడు నవ్వలేదు. ఆ ‘అదే’ అన్నది ఎంత పెద్ద మాటో నాకు తర్వాత గాని తెలియలేదు.

కారు రంగు మీద రంగులేని పలచటి పొర ఒకటి ఉంటుంది. పాలిష్ అంటే ఆ పొరనే వెంట్రుకవాసి అరగదీయడం. ఎక్కువ తిప్పితే పొర పోయి అడుగు రంగు బయటపడుతుంది. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. కాబట్టి ఈ పనిలో అసలు విద్య రుద్దడం కాదు, ఆపడం. మావాడికి ఆపమని చెప్పేది పొడి. పాత కాంపౌండ్ పని అయిపోగానే ఎండి, తెల్లగా లేచి వాడి ముంజేతి వెంట్రుకల మీద వాలేది. అది వాలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేది. వాడు గడియారం చూసేవాడు కాదు, లెక్కపెట్టేవాడు కాదు. షార్జాలో నేర్పిన ఉస్తాద్ కూడా వాడికి అలాగే నేర్పాడట.

కొత్త సీసా మీద, కొద్దిసార్లు తిప్పి, తుడిచి చూసుకోమని ఉంది. అది చదివి వినిపించాను. ఇంకో మాట కూడా అన్నాను. వాడు మజ్జిగ మజ్జిగ అని వెక్కిరిస్తుంటే ఒళ్లు మండి, పెషావర్ మనిషి ముందే, “దీనికి ఎండిపోయే గుణమే లేదురా, నీ ఇష్టం వచ్చినంతసేపు తిప్పుకో” అన్నాను. ఎండిపోవడం గురించి చెప్పిన మాట అది. ఎండదన్నాను, ఎండలేదు. అందులో అబద్ధమేమీ లేదు.

చాలా వారాలు బాగానే గడిచాయి. షెడ్డు శుభ్రంగా ఉంది. పెషావర్ మనిషి మా కోసం టీ తెప్పించడం మొదలుపెట్టాడు. తమ్ముడు మాత్రం పని మధ్యలో ఆగి తన ముంజెయ్యి చూసుకునేవాడు. నేను చూశాను. చెమటేమో అనుకున్నాను.

తర్వాత ఒక పెద్దాయన వచ్చాడు. ఈ దేశం మనిషి, వయసు మళ్లినవాడు. ముదురు ఎరుపు రంగు పాత కారు. కొన్ననాటి నుంచీ ఏ షాపులోనూ రంగు వేయించలేదట, కంపెనీలో వేసిన రంగే. మావాడి పని గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చాడు. తమ్ముడు ఆ కారు చుట్టూ తిరిగి, తలుపు మీద అరచెయ్యి ఆనించి, “యా బాబా, చాలా బాగా చూసుకున్నారు” అన్నాడు. పెద్దాయన పొంగిపోయాడు.

తలుపులన్నీ అయ్యాయి. అద్దంలా వచ్చాయి. బానెట్ మధ్యలో పొడుగ్గా ఒక మడత ఉంది. అలాంటి మడతల దగ్గర పొర మరీ పలచగా ఉంటుంది. అక్కడ మెషిన్ తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. నేను బల్ల దగ్గర ఫోన్‌లో ఎవరితోనో వాదిస్తున్నాను. మెషిన్ చప్పుడు టక్కున ఆగితే తల ఎత్తాను. వాడు మెషిన్‌కు తగిలించిన మెత్తటి ప్యాడ్ తిరగేసి చూస్తున్నాడు. తెల్లటి ప్యాడ్ ఎర్రగా ఉంది. పొర దాటి రంగు వచ్చేసింది.

పెద్దాయనకు వాడే చెప్పాడు. నన్ను మాట్లాడనివ్వలేదు. ఆయన బానెట్ మీద ఆ చోటును వేలితో తడిమి చూశాడు. తర్వాత వాడి భుజం తట్టి, “ఖలాస్, మాఫీ ముష్కిల్” అన్నాడు. పర్వాలేదు, ఇబ్బందేం లేదని. ఆయన తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టేదాన్ని, మావాడు నన్ను ఆపేవాడు, గొడవలో ఏదో ఒకటి తేలిపోయేది. ఆ మంచితనం ముందు ఎవరికీ చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

“బానెట్‌కి రంగు వేయిద్దాం. కారేం మునిగిపోలేదు,” అన్నాను ఆయన వెళ్లాక.

“వేస్తే అది కంపెనీ రంగవుతుందా అక్కా?”

“కాదు. అయితే ఏం చేస్తావు, మెషిన్ పట్టుకుని ఏడుస్తావా?”

“పట్టుకోను,” అన్నాడు.

మాట వరసకు అన్నాడనుకున్నాను. నిజంగానే పట్టుకోలేదు. సీట్లు శుభ్రం చేశాడు, టైర్లు తుడిచాడు, నేను వెనక్కి తెప్పించిన పాత కాంపౌండ్ సీసా మూత కూడా తియ్యలేదు. పెషావర్ మనిషి వచ్చి, “యార్, లేపు నీ దుమ్ము, నేను పగలంతా ఫోన్‌లో ఉర్దూ కవుల ముషాయిరాలు వింటూ కూర్చుంటాను, సాయంత్రం పని చేసుకుంటాను” అన్నాడు. మావాడు నవ్వి, అతనికి టీ పోశాడు. కొన్ని నెలలకు ఫుజైరాలో రాళ్ల క్వారీ కంపెనీ స్టోరులో పని చూసుకున్నాడు. వెళ్లేటప్పుడు మా మధ్య పెద్ద మాటలేవీ జరగలేదు. నేను నోరు మూసుకున్న బహు కొద్ది సందర్భాల్లో అది ఒకటి. అప్పుడే మూసుకోకుండా ఉండాల్సింది.

ఇప్పుడు మెషిన్ మీద నేపాల్ అతను ఉన్నాడు. గోడకు చిన్న గడియారం పెట్టించుకున్నాడు, దాన్ని చూసి ఆపుతాడు. బాగా చేస్తాడు. తప్పు పట్టడానికి నాకు కూడా ఏమీ దొరకదు. కానీ పని అయ్యాక వెనక్కి జరిగి, తల వాల్చి, వెలుగులో కారు వంక చూసుకునే అలవాటు అతనికి లేదు.

తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉంటాడు. అక్కడి సముద్రం గురించి, దొరికే చేపల గురించి, కొండల వెనక పడే వాన గురించి చెబుతాడు. నేను ఆ ఎర్ర కారు మాట ఎత్తబోతే, “బావ ఎలా ఉన్నాడు” అంటాడు. మా ఆయన గురించి వాడికంత బెంగ ఎప్పుడూ లేదు.

ఎవరిది తప్పన్న పంచాయితీ నాకు అక్కర్లేదు. నాకు కావలసింది ఒక్క జవాబు. ఆ మడత మీద మెషిన్ తిరుగుతున్నప్పుడు, పొడి లేవకపోయినా నీ చేతికి తెలియలేదా తమ్ముడూ, లేక తెలిసి కూడా, అక్క తిప్పుకోమంది కదా అని ఆగలేదా?