పైడన్న

మద్దిలపాలెంలో బస్సెక్కాక, పక్కసీట్లో చేపలబుట్ట పెట్టుకున్న ముసలావిడ నా ఒళ్ళో బాబు పేరడిగింది.

"పైడన్న. మా నాన్న పేరు," అని గొణిగాను. ఆ పేరు విని అత్తవారింట్లో నెలరోజులుగా నవ్వుతున్నారు.

ముందుసీటాయన వెనక్కి తిరిగాడు. "ఈ రోజుల్లో ఇదేటి పేరండీ?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ముసలావిడ ఆయన్ని వదిలేసి నా మీద విరుచుకుపడింది.

"ఆడు నవ్వడా మరి? దొంగసొమ్ము దాసినట్టు సెప్తన్నావ్! కన్నతండ్రి పేరు సెప్పడానికి సిగ్గేటే నీకు? గట్టిగా సెప్పు!"

"పైడన్న!" అని కోపంతో అరిచాను. బాబు ఉలిక్కిపడి ఏడ్చాడు. బస్సంతా మా వైపు చూసింది.

"అలగ సెప్పాల," అని ఆవిడ గాజువాకలో దిగిపోయింది.

ఆ కోపం నాలో చల్లారలేదు. తర్వాతి వారం మున్సిపల్ ఆఫీసుకెళ్ళి, పైడన్న అని గట్టిగా చెప్పి బాబు పేరు నమోదు చేయించాను. గుమాస్తా నవ్వలేదు. స్పెల్లింగ్ మాత్రం అడిగాడు.