రెండు నిమిషాలు

మా బజారులో ఎవరైనా ఎవరితోనైనా అనే మాట ఒకటుంది: "రెండు నిమిషాలు ఆగు." ఆ రెండు నిమిషాలు చాయ్ తాగేంతసేపు కావచ్చు, ఇంటికి పోయి భోంచేసి వచ్చేంతసేపు కావచ్చు. గడియారం చూసుకుని ఆ మాట అన్నవాణ్ని నేనెరుగను. వరంగల్‌లో మా పెదనాన్నకు నూలు దుకాణం ఉండేది. కాశిబుగ్గ నేతగాళ్లు నూలు కోసం అక్కడికే వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాడూ ముందు ఆ మాట వినాల్సిందే.

అరవైల మధ్యలో ఒక సైకిళ్ల కంపెనీ నాలుగు రోజుల పందెం పెట్టింది. తొలిరోజు హైదరాబాద్ నుంచి వరంగల్, రెండో రోజు డోర్నకల్, మూడో రోజు అక్కడి నుంచి తిరిగి వరంగల్. ఆఖరి రోజు స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి వచ్చి, కాశిబుగ్గ మీదుగా ఊరు చుట్టి, వరంగల్ స్టేషన్ ముందు ముగింపు. నాలుగు రోజుల టైమూ కలిపితే ఎవరిది తక్కువైతే వాడు గెలిచినట్టు. గెలిచినవాణ్ని కంపెనీ తన జట్టులో పెట్టుకుంటుంది. ఇక సైకిలు తొక్కడమే వాడి ఉద్యోగం.

కాశిబుగ్గ నుంచి ఒక నేతగాడు పేరిచ్చాడు. నా ఈడువాడే, పాతికేళ్లుంటాయి. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లాడించీ ఆడించీ వాడి పిక్కలు గట్టిపడిపోయాయి. ఆ గుంతలోంచి ఒక్కసారి బయటపడితే మళ్లీ దిగనని నాతో చాలాసార్లు అన్నాడు. ఇంకే కోరికా వాడి నోట నేను వినలేదు.

పందెం సంగతులన్నీ మా దుకాణం అరుగు మీదే తేలేవి. నేను పేపరు చదివి, పలక మీద టైములు రాసి, అందరికీ పాఠం చెప్పేవాణ్ని. అడగకపోయినా చెప్పేవాణ్ని. ఇంగ్లీషు పేపరు చదవగలిగినవాణ్ని ఆ అరుగు మీద నేనొక్కణ్నే, ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేవాణ్ని.

తొలిరోజు పంక్చరైన ఒకరిద్దరు తప్ప అందరూ గుంపుగా వచ్చారు. గుంపులో ఎవరెక్కడున్నా అందరికీ ఒకే టైము వేస్తారని చెప్పాను. పెదనాన్న గద్దె మీద నుంచి కస్సుమన్నాడు.

"ముంగట వచ్చినోనికి, ఇర్వయ్యో నంబర్ల వచ్చినోనికి ఒకటే టైమా? గదేం లెక్కర?"

రెండో రోజు డోర్నకల్‌లో ఆ ఊరి రైల్వే కార్మికుడే మొదట వచ్చాడు. మావాడు గుంపు మధ్యలో ఎక్కడో వచ్చాడు. టైము మాత్రం ఇద్దరికీ ఒకటే. పెదనాన్నకు అదీ నచ్చలేదు.

"మనోడు మంది ఎనుక దాక్కొని తొక్కుతాండట. సిగ్గు లేదా వానికి?"

"అది దాక్కునుడు గాదు పెద్దనాయినా, గాలిచాటు. ముంగటోడు గాలిని కోసుకుంట పోతడు, ఎనుకోనికి బలం మిగులుతది. ఆ బలం రేపు తీస్తడు సూడు" అన్నాను.

నిజంగానే తీశాడు. మూడో రోజు సగం దారిలో హైదరాబాద్ వాడొకడు గుంపును వదిలి ముందుకు దూకితే, మావాడు వాడి వెంట పడ్డాడు. ఇద్దరూ ఒకరి చాటున ఒకరు వంతులు వేసుకుని తొక్కారు. వరంగల్‌లో హైదరాబాద్ వాడు మొదట వచ్చాడు, మావాడు రెండు. రైల్వే కార్మికుడు ఒంటరిగా రెండు నిమిషాల చిల్లర వెనక వచ్చాడు, మిగతా గుంపు ఇంకా చాలా వెనక. హైదరాబాద్ వాడు తొలిరోజే పంక్చరై చాలా టైము పోగొట్టుకున్నాడు కాబట్టి మొత్తం లెక్కలో మావాడే ముందు. ఒక్కరోజూ మొదట రానివాడు అందరికన్నా పైన ఉన్నాడు.

ఆ సాయంత్రం మావాడి మేనమామ దుకాణానికి వచ్చాడు. కాశిబుగ్గ నేతగాళ్లలో పెద్దమనిషి, నిదానస్తుడు. పలక వైపు చాలాసేపు చూసి అడిగాడు.

"అంటే, రేపు ముంగట రాకున్నా మా అల్లుడే గెలుస్తడా?"

"ముంగట రానక్కర్లేదు మామా. రెండు నిమిషాలు ఎనుక వచ్చినా మనోడే. ఫికర్ చెయ్యకు."

"రెండు నిమిషాలు ఎనుక వచ్చినా మనోడే" అని తనలో తాను అనుకుంటూ ఆయన వెళ్లిపోయాడు. ఇన్ని రోజుల పాఠం ఒక్కడికైనా ఎక్కిందని నేను పలక తుడిచేశాను.

ఆఖరి రోజు పెదనాన్న జేబు గడియారం తీసుకుని కాశిబుగ్గలో నిలబడ్డాను. వీధి పొడుగునా మామిడాకులు కట్టారు. డప్పులు, హారతి పళ్లేలు. నాకు సంతోషంగానే ఉండింది, దాచుకోవడమెందుకు. గుంపు మలుపు తిరిగింది. నడుమ మావాడు, వాడి పక్కనే రైల్వే కార్మికుడు. జనం మిగతావాళ్లందరికీ మర్యాదగా దారి ఇచ్చారు. మావాడొక్కడికే అడ్డం పడ్డారు.

మేనమామ హ్యాండిల్ పట్టుకున్నాడు. "రెండు నిమిషాలు ఆగు అల్లుడా."

"ఇడువు మామా! ఇడువు!" అని మావాడు అరిచిన అరుపు డప్పుల్లో ఎవరికీ వినపడలేదు. వాళ్లమ్మ హారతి పళ్లెంతో సైకిలు ముందుకే వచ్చింది. తల్లి మీదికి తొక్కేవాడెవడు? ఆమె బొట్టు పెట్టింది. మేనమామ నూలు చిలపలను, అంటే నూలు కట్టలను, కలిపి కట్టిన దండ మెడలో వేశాడు. కులపెద్దలకు వేసే దండ అది, మోకాళ్ల దాకా వేలాడుతుంది. మావాడు దాంతోనే పెడల్ మీద నిలబడి ఒక్క తోపు తోశాడు. దండ చెయినులో పడి చుట్టుకుపోయింది.

నేను గడియారం పట్టుకుని అరుస్తూ జనంలోకి తోసుకుపోయాను. "ఏందయ్యా తొందర, రెండు నిమిషాలు ఎనుక వచ్చినా గెలుస్తమని నువ్వే చెప్తివి గద" అని ఒకాయన నవ్వుతూ నన్ను వెనక్కు లాగాడు. మావాడు రోడ్డు మీద కూర్చుని పళ్లతో నూలు తెంపుతున్నాడు. ఆ నూలు మా దుకాణానిదే. వాడు మళ్లీ సైకిలెక్కేసరికి గడియారంలో మూడున్నర నిమిషాలైంది.

స్టేషన్ ముందు డోర్నకల్ రైల్వే కార్మికుడి పేరు చదివారు. మావాడిది రెండో పేరు. రెండో పేరుకు ఒక కప్పు ఇచ్చారు, ఉద్యోగం ఇవ్వలేదు.

కాశిబుగ్గ వాళ్లు మూర్ఖులని వారం రోజులు బజారంతా చెప్పి తిరిగాను. అప్పుడు మేనమామ వచ్చాడు. మనిషి సగమైపోయాడు. నన్ను తప్పుపట్టడానికి రాలేదు, నిజంగా తెలియకే అడిగాడు.

"నేను ఆపింది రెండు నిమిషాలే గద, బిడ్డా?"

గడియారం ముల్లు సంగతి చెబుదామని నోరు తెరిచాను. మా అరుగు మీద ఆయన ముప్పై ఏళ్లుగా ఎన్నో రెండు నిమిషాలు కూర్చున్నాడు. వాటిలో ఏ ఒక్కటీ ముల్లును బట్టి నడవలేదు. నాకు సిగ్గేసింది. "అంతే మామా" అన్నాను.

మరుసటి నెల మావాడు నూలు కోసం వచ్చాడు. మళ్లీ మగ్గం గుంతలో దిగాడని విన్నాను గానీ అడగలేదు. నేను తలెత్తి పలకరించేలోపే పెదనాన్న అలవాటు చొప్పున గద్దె మీద నుంచి అన్నాడు:

"రెండు నిమిషాలు ఆగుర, తూకం ఏస్తరు."

"ఆగుతనే సేటూ" అన్నాడు వాడు. "ఇప్పుడు ఎంతసేపైనా ఆగుత."

నేను లేచి, వేరే పనేదో ఉన్నట్టు లోపలి గదిలోకి పోయాను.