అత్తయ్య నీళ్ల బిందె

ఇవాళ పొద్దున్నుంచీ ఇంట్లో కూర్చుని ఒక సిమ్యులేటర్‌తో కుస్తీ పట్టాను. ఇంకా తయారుకాని చిప్ ఎంత వేగంగా పనిచేస్తుందో ముందే చెప్పే ప్రోగ్రాం అది. మెమరీ ఒక్కసారికి పంపే డేటాను రెండింతలు చేశాను. అయినా లెక్కలు చేసే యూనిట్లు సగం సేపు ఖాళీగానే ఉన్నాయి. సాయంత్రం రివ్యూ. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా చేలో మిరప కోతలు. కూలీలకు నీళ్లందించేది అత్తయ్యే. మధ్యాహ్నం ఇంటికొచ్చి, "ఏందమ్మా, అన్నం తినకుండా దాని వంకే చూస్తా కూర్చున్నావ్?" అంది.

మెమరీ అంటే బోరు, యూనిట్లంటే కూలీలు అనుకోమన్నాను. "బిందె పెద్దది చేశా అత్తయ్యా. అయినా వాళ్లు నీళ్ల కోసం ఆగిపోతున్నారు."

"బిందె పెద్దదైతే బోరేమన్నా దగ్గరికొచ్చుద్దా? ఎప్పుడు తెస్తన్నావ్ నీళ్లు?"

"వాళ్లు అడిగాక."

"పిచ్చితల్లీ! వాళ్లు సాలు సగంలో ఉండగానే నేను బోరు కాడికి పోతా. సాలు చివరికొచ్చేసరికి గట్టు మీద బిందె ఉండాల."

డేటాను ముందే తెప్పించుకునే ఏర్పాటు చిప్ డిజైన్‌లో ఉంది. దాన్ని సిమ్యులేటర్‌లో పెట్టడం నేనే మర్చిపోయాను. పెట్టగానే యూనిట్లన్నీ పనిలో పడ్డాయి.

సంతోషంగా తల తిప్పితే అత్తయ్య మళ్లీ చేలోకి వెళ్లిపోయింది. నా చేతి పక్కన మజ్జిగ గ్లాసు ఉంది.

మీ ఇంట్లో ఇలా ముందే బయల్దేరేది ఎవరో చెప్పండి. పెళ్లయిన ఈ మూడేళ్లలో మజ్జిగ కావాలని అడిగిన గుర్తు నాకు ఒక్కసారి కూడా లేదు.