పిన్ని బోరు పాయింటు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని బోరు ఎండిపోయింది. ఇంకా లోతుగా కొత్తది వేయించాలి, పాయింటు చూసే ఆయన వస్తున్నాడు, పక్కన ఉండమని ఫోను చేసింది. ఊళ్ళో రెండు బోర్లు వేయించి రెండూ ఎండబెట్టుకున్న అనుభవం నాది. ఉదయం ఐదున్నరకి విజయవాడలో బస్సెక్కాను.

సూర్యాపేటలో టిఫినుకి ఆపారు. ఇడ్లీ ఫరవాలేదు, చట్నీ మాత్రం నీళ్ళే. పదకొండుకి ఎల్‌బీ నగర్‌లో దిగాను. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: ఆటోలతో బేరమాడే ఓపిక లేకపోతే మెట్రో ఎక్కండి, పది నిమిషాల్లో దిల్‌సుఖ్‌నగర్.

మెట్రోలో పక్క సీటాయన నా పని విని నవ్వాడు. "మా గల్లీల ఇంటికొక బోరు సార్. ఒకరు లోతుకు పోతే పక్కోళ్ళది ఎండుతది. గప్పుడు ఆళ్ళు ఇంకా లోతుకు పోతరు."

పిన్ని పెరట్లోకి గోడ మీంచి ఒక పచ్చ పైపు దిగి ఉంది. పక్కింటి లక్ష్మమ్మది. పోచంపల్లి నుంచి వచ్చి చీరల కొట్టు పెట్టుకున్న కుటుంబం. నెల రోజులుగా పిన్నికి వాడుక నీళ్ళు అవే.

పన్నెండింటికి పాయింటు చూసే ఆయన వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పెరడంతా నడిచాడు. నీళ్ళున్నచోట కాయ లేచి నిలబడుతుందట. అది గోడ పక్కనే నిలబడింది. అవతల మూడడుగుల్లో లక్ష్మమ్మ బోరు.

"ఇక్కడ లోతుగా వేస్తే ఆవిడది ఎండిపోదుట్రా?" అంది పిన్ని.

"మన స్థలం, మన బోరు" అన్నాను, పెద్ద తెలిసినట్టు.

గోడవతల బట్టలారేస్తున్న లక్ష్మమ్మ విన్నది. "ఏసుకోండ్రి వదినా, పరేషాన్ గాకుండ్రి. నాది ఎండితే గా పైపునే ఇటు తిప్పుకుందం."

నాకు సిగ్గేసింది. పిన్ని పాయింటాయన వైపు తిరిగింది.

"ఆ కాయ కొట్టెయ్ నాయనా, పచ్చడి చేస్తాను. బోరు వద్దు. ఉన్నదే ఇద్దరం వాడుకుంటాం. వాన నీళ్ళు దిగడానికి ఇంకుడు గుంత తవ్విస్తాను."

పాయింటాయన ఫీజు తీసుకుని, భోజనం కూడా చేసి వెళ్ళాడు. పచ్చడి అమోఘం. నాలుగింటికి ఎల్‌బీ నగర్‌లో తిరుగు బస్సెక్కాను. చౌటుప్పల్ దాటాక పిన్ని ఫోను.

"గుంత తన వైపే తవ్వాలంటుందిరా లక్ష్మమ్మ! మల్లెపాదు తీసేసి చోటిస్తానన్నా వినదే!"

"గట్లెట్ల కుదురుతది?" వెనక నుంచి లక్ష్మమ్మ గొంతు.

గజం స్థలానికి కోర్టుకెక్కే రోజుల్లో ఈ పోట్లాట వింటుంటే ఇద్దరి మీదా ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

"గుంత పట్టేంత మేర గోడ కొట్టేసి, మధ్యలో తవ్వించండి" అన్నాను.

పిన్ని నా మాట అటు చెప్పింది. ఈసారి లక్ష్మమ్మే అంది: "మేస్త్రీని నేను పిలుస్తా."