చెల్లెలు చెప్పింది, నేను రాశాను

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం బడిలో ఉండగా మా మరిది జమ్మలమడుగు నుంచి ఫోన్ చేశాడు. "వదినా, డ్యూటీలోనే పడిపోయింది" అన్నాడు. నేను ప్రొద్దుటూరు బస్టాండుకు చేరేలోపే మా చెల్లెలు వెళ్ళిపోయింది. నలభై ఎనిమిదేళ్ళు. వాటిలో సగం ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా గడిపింది.

ఆస్పత్రిలో ఆమెను ఎరిగినవాళ్ళు చాలామంది మట్టి వేయడానికి వచ్చారు. ఫోనులో ఆమెతో గొడవపడినవాళ్ళకు మాత్రం ఈ సంగతి తెలియదు. ఆమె జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్ళు ఉంటారు. ఇక రాదని వాళ్ళకు చెప్పడానికి కూడా ఇది రాస్తున్నాను.

ఎక్కడ తప్పు మాట కనిపించినా మా చెల్లెలు ఊరుకునేది కాదు. రాసినవాళ్ళు ఎవరో, ఏ ఊరో ఆమెకు అక్కర్లేదు. పొయ్యి దగ్గర నిలబడి, కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, ఫోను ముక్కుకు ఆనించినంత దగ్గర పెట్టుకుని రెండు బొటనవేళ్ళతో టకటకా రాసేది. ఆడవాళ్ళ వంటల గుంపు ఒకటి ఉండేది. నన్నూ అందులో చేర్పించింది. అక్కడ కోస్తా ఆవిడ ఒకామె సంగటి కుక్కర్లో చేయవచ్చని రాస్తే, మా చెల్లెలు రెండు రోజులు వదల్లేదు. "కట్టె పెట్టి గెలకకుండా వచ్చేది సంగటి కాదమ్మా, జావ" అంటూనే ఉంది. చివరికి ఆవిడ, "సరే తల్లీ, సంగటి మీది, కుక్కరు మాది, నన్నొదిలెయ్" అని రాసింది. ఆ మాట చెప్పుకుని మా చెల్లెలు వారం రోజులు నవ్వింది.

"ఎవరో తెలీనోళ్ళతో నీకేంది మే ఈ రచ్చ? గెలిస్తే ఏమొస్తాది?" అని ఒకసారి అడిగాను.

"నేను వాళ్ళతో మాట్లాడతాండానా అక్కా? నోరు తెరవకుండా కింద చదువుకుంటా పోయేటోళ్ళు ఉంటారు సూడు, వాళ్ళతో మాట్లాడతాండా" అంది.

సంగటి సరదాకు. పసిపిల్లల విషయంలో సరదా లేదు. బొడ్డుకు బూడిద పెట్టమన్నా, పుట్టగానే తేనె నాకించమన్నా ఆమె ముఖం మారిపోయేది. ముందు ప్రశ్నలు రాసేది: ఎన్నో రోజు, పాలు చీకుతోందా, పక్క తడుపుతోందా. ఆ తరువాతే కాదనేది.

ఒకాయన వీడియోలు పెట్టేవాడు, వేలమంది చూసేవాళ్ళు. ముర్రుపాలు పిల్లకు అరగవు, పిండి పారబోయమని చెప్పేవాడు. మా చెల్లెలు అతని ప్రతి వీడియో కిందా "అబద్ధం. పారబోయొద్దు" అని రాసింది. పది వీడియోలకు పదిసార్లు. అతని మనుషులు ఆమె మీద పడ్డారు. వాళ్ళు రాసిన మాటలు నేను ఇక్కడ రాయలేను. ఒకడు ఆమె ఫోటో వెతికి పెట్టాడు. ఇంకొకడు, "జమ్మలమడుగే గదా, వస్తాండాం ఉండు" అన్నాడు. ఆ వారంలోనే ఇద్దరు మనుషులు బండి మీద వచ్చి, ఆమె డ్యూటీ ఎప్పుడు దిగుతుందని గేటు దగ్గర అడిగి పోయారు. ఎందుకు అడిగారో తెలియలేదు. అప్పటినుంచి మా మరిది రోజూ గేటు దగ్గర కాచుకునేవాడు.

పులివెందుల నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఈడ నన్ను నిలేసి అడుగుతాండారు, మీ చెల్లెలికి పనేం లేదా అని. నువ్వే చెప్పల్ల. నీ మాటయితే వింటాది."

ఈస్టరుకు ముందు నలభై దినాల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు ఆమెను మా ఇంటికి పిలిపించాను. "ఈ నలభై దినాలు మాంసం తిన్నా తప్పులేదు. ఫోనులో రాయడం మానుకో. దేవుని ముందు తీర్మానం చెయ్యి" అన్నాను.

"మాంసమే సులువక్కా" అంది.

నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా పక్కన మోకరించి, ఈ నలభై దినాలు ఎవరికీ ఒక్క అక్షరం కూడా రాయనని పైకే ప్రార్థన చేసింది. లేచాక, "చదవడం మాత్రం తీర్మానంలో లేదు" అంది. ఆ పూట నా మనసు కుదుటపడింది. దేవుని పేరు పెట్టాను గానీ, ఆమె చేత ఆ మాట ఇప్పించింది నా భయమే. అది నాకు అప్పుడే తెలుసు.

నాలుగో వారం, శనివారం. ఆమెకు సెలవు. పొద్దున్నే ప్రొద్దుటూరు వచ్చింది. నేను చాట ముందు పెట్టుకుని చింతచిగురు ఏరుతున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని ఆ వంటల గుంపులోవి చదువుకుంటోంది. వంటలే కాదు, పిల్లల సంగతులూ అక్కడే అడిగేవాళ్ళు. ఉన్నట్టుండి ఆమె వేలు ఆగిపోయింది.

"అక్కా, ఇను." చదివింది. వీరపునాయునిపల్లె దగ్గర ఎవరో బాలింత. పాప పుట్టి ఐదో రోజు. ఒళ్ళంతా పచ్చగా ఉంది. నిన్నటి నుంచి పాలు తాగడం లేదు, లేపినా లేవకుండా నిద్రపోతోంది. ఏం చేయాలి?

కింద జవాబులు కూడా చదివింది. పొద్దుటి ఎండలో పెట్టండి. గ్లూకోజు నీళ్ళు పట్టండి. మా ముగ్గురు పిల్లలకూ ఇంతే, వారంలో పోయింది, భయపడొద్దు. తేనె నాకించండి. ఆస్పత్రికి పొమ్మన్నది ఒక్కరూ లేరు.

"ఎవరో ఒకరు చెప్తార్లే" అన్నాను.

"గంట నుంచి చెప్పల్యా."

నేను కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఈ మాట నేనే ఇప్పించాను, ఇప్పుడేమి చేయమంటావు? కళ్ళు తెరిచేసరికి ఆమె నా ముఖమే చూస్తోంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ బోర్లించి ఉంది. ఆ చేతులు అంత ఊరికే ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

"దేవునికి మాట ఇచ్చినావు మే" అన్నాను.

"ఇచ్చినా. తప్పను. నువ్వు ఇయ్యలేదు గదా?" అంది. "నీ ఫోన్ తీయి."

నేను పాటలు వినడానికీ, ఎవరైనా వాక్యం పెడితే ఆమేన్ అని రాయడానికీ తప్ప ఆ ఫోను వాడి ఎరగను. పేరు పక్కన నా ఫోటో బదులు మందారపువ్వు ఉండేది. చింతచిగురు పసరు చీరకు తుడుచుకుని ఒక్క వేలితో మొదలుపెట్టాను. ఆమె చెబుతోంది, నేను అక్షరాలు వెతుకుతున్నాను.

"అమ్మా, పాప అరికాళ్ళు పచ్చగా ఉన్నాయా, చూసి చెప్పు. రాసినావా?"

"ఒత్తు యాడుంది మే దీంట్లో?"

"ఒత్తు లేకున్నా పర్వాల్యా, పంపీ!"

పంపాను. నిమిషం కాకముందే ఎవరెవరో వచ్చిపడ్డారు. నువ్వేమన్నా డాక్టరా అన్నారు. పువ్వు బొమ్మ పెట్టుకున్న ప్రతి ఆమె సలహాలు చెప్పేదే అన్నారు. ఒకామె, ప్రార్థన చేసుకో పో, బాలింతను బెదిరించొద్దు అంది. నేను ఫోను చాటలో బోర్లించబోయాను. ఇవే మాటలు, ఇంతకంటే పెద్ద మాటలు మా చెల్లెలు ఏళ్ళ తరబడి చదివి, అన్నం తిని, డ్యూటీకి పోయింది.

"వాళ్ళను చూడొద్దు. ఆ పిల్లను చూడు" అంది.

అప్పుడు ఆ తల్లి రాసింది. "పచ్చగానే ఉండాయి అక్కా."

మా చెల్లెలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "కామెర్లు అరికాళ్ళ దాకా దిగినాయి. ఇప్పుడే పొద్దుటూరు పెద్దాస్పత్రికి పొమ్మని రాయి. ఎండ వద్దు, నీళ్ళు వద్దు. ఈ గంటలోనే పోవల్ల."

ఎప్పటికో ఆ తల్లి నుంచి ఇంకో మాట వచ్చింది. "మా అత్త వద్దంటాంది. పురుడు తీరేదాకా గడప దాటొద్దంటాంది."

మా చెల్లెలు లేచి నిలబడింది. కూర్చుంది. "అత్తకు చదివి ఇనిపించమని రాయి. అమ్మా, నీ కోడలు కాదు అడిగేది, నేను అడుగుతాండా, నేనూ నీ ఈడుదాన్నే. తిట్టాలంటే రేపు నన్ను తిట్టు. ఈ పొద్దు బిడ్డను ఆటో ఎక్కియ్."

నాది కూడా ఒక మాట ఉండాలనిపించింది. "మీకోసం ప్రార్థన చేస్తాంటానని రాయనా?" అన్నాను.

"ముందు ఆటో రాయక్కా. ప్రార్థన దాని కింద రాసుకో."

అలాగే రాశాను. ఆ తల్లి, "అత్తతో మాట్లాడతా" అని పెట్టింది. అంతే. మళ్ళీ చూసేసరికి ఆ మాటలూ లేవు, ఆ ప్రశ్నా లేదు. గొడవ ఎక్కువైందని గుంపు నడిపేవాళ్ళు మొత్తం తీసేశారట. మేమిద్దరం ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాం. ఆ రోజు మాకు చింతచిగురు పప్పు లేదు, ఏమీ లేదు.

ఈస్టరు తరువాత ఆమె మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. నేను అడ్డుపడలేదు. బెదిరింపులు కొంతకాలానికి సద్దుమణిగాయి. ఆ పాప సంగతి మాత్రం ఆమెను వదల్లేదు. ప్రొద్దుటూరులో తెలిసిన నర్సులందరినీ అడిగింది. పేరు లేదు, ఊరు సరిగ్గా తెలియదు, ఎవరు చెబుతారు? తన వార్డుకు ఆ వైపు నుంచి ఏ ఆడమనిషి వచ్చినా ఆరా తీసేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విడుస్తూనే, "ఆ పాప ఏమైందో అక్కా" అనేది.

"దేవుని చేతిలో పెట్టినాం గదా" అనేదాన్ని.

"పెట్టినాం. ఆస్పత్రిలో పెట్టినారా లేదా అని అడుగుతాండా."

మూడేళ్ళు అడిగింది. పోయిన క్రిస్మస్‌కు కూడా అడిగింది.

ఆమె కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక ముగిసిన మరునాడు ఆ వంటల గుంపులో ఆమె పోయిన కబురు పెట్టాను. కుక్కరు ఆవిడ, "మీకు విడిగా మెసేజ్ రాశాను, చూడండి" అంది. ఎక్కడ చూడాలో నాకు తెలియలేదు. అవీ ఇవీ నొక్కుతుంటే, మనకు తెలియనివాళ్ళు రాసినవి విడిగా దాచిపెట్టే చోటు ఒకటి తెరుచుకుంది. అలాంటి చోటు ఉందని నేను ఎరగను. పైన కుక్కరు ఆవిడ ఓదార్పు మాట. దాని కింద ఒక్కటే ఒక్క పాత ఉత్తరం. తేదీ చూశాను. ఆ ఏడాది ఈస్టరుకు ముందు శుక్రవారం. మా చెల్లెలి తీర్మానం ఇంకా తీరని రోజు.

"అక్కా, ఆ దినమే పొద్దుటూరు పోయినాం. మా అత్తే ఆటో పిలిపించింది. నీలం లైట్ల కింద ఆరు దినాలు పెట్టినారు. ఇంగ కొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. మీరు అరికాళ్ళు చూడమన్నారు గదా. చూడండి."

రాసింది నేను గనుక జవాబు నాకు వచ్చింది. మా చెల్లెలు అడిగిన ప్రతిసారీ అది నా ఫోనులోనే ఉంది.

మూడేళ్ళు ఆలస్యంగా ఆ తల్లికి జవాబు రాశాను. "అమ్మా, ఆ మాట నాది కాదు, మా చెల్లెలిది" అని. ఇంకేమీ రాయలేకపోయాను. ఇప్పటికి చాలాసార్లు ఆ ఉత్తరం కింద ఉన్న ఫోటో తీసి చూశాను. పాత చీర పరిచిన మంచం. గాజుల చెయ్యి ఒకటి రెండు చిన్న మడమలను కలిపి పట్టుకుని పైకెత్తింది. అరికాళ్ళు లేత ఎరుపు. ఎడమ పాదం కుదురుగా లేదు. విడిపించుకుని తన్నబోతున్నట్టుంది. వేళ్ళ దగ్గర బొమ్మ చెదిరిపోయింది.